జనరల్ డిగాల్ - అల్జీరియా ఒప్పందం

- ఎం.ఏ. (చరిత్ర) ద్వితీయ సంవత్సరం, మన హాస్టల్ పూర్వ విద్యార్థి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా ఒక మహనీయుని జీవితం వేసుకోవడం ఆనవాయితీ. అంబేద్కర్ గురించి, ఫూలే దంపతుల గురించి మన అన్నలు, అక్కలు ఎంతో చక్కగా రాశారు. ఈసారి నన్ను రాయమన్నప్పుడు ఒక ఫ్రెంచి సైన్యాధికారి పేరు చెబితే వార్డెన్ సార్ ఆశ్చర్యపోయారు. ఆయన మన కోసం పోరాడినవాడు కాదు. మచ్చలేని మనిషి అని కూడా నేను చెప్పబోవడం లేదు. అయినా ఆయన జీవితంలో మనలాంటి వాళ్ళు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది.

అది నాకు మా నాన్న వల్ల తెలిసింది. 2021 ఆగస్టులో అమెరికా సైన్యం అఫ్ఘనిస్తాన్ విడిచి పోతున్నప్పుడు కాబూల్ విమానాశ్రయం దృశ్యాలు మా ఊళ్ళో నాన్నతో కలిసి టీవీలో చూశాను. కదులుతున్న విమానం వెంట జనం పరుగెత్తుతున్నారు. నాన్న బడి మొహం చూడలేదు. అఫ్ఘనిస్తాన్ ఎక్కడుందో ఆయనకు తెలియదు. కాసేపు చూసి, ఇన్నేళ్ళు వాళ్ళ దగ్గర పని చేసినవాళ్ళను వదిలేసి ఎట్లా పోతున్నారని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

నాన్న ఆ ప్రశ్న ఎందుకడిగాడో మాత్రం నాకు తెలుసు. నా చిన్నప్పుడు ఆయన పాలమూరు నుంచి గుంపుతో కలిసి బొంబాయికి బిల్డింగు పనికి పోయాడు. ఒక రాత్రి కాంట్రాక్టరు, గుంపు మేస్త్రీ కూర్చుని లెక్క తేల్చుకున్నారు. తెల్లారేసరికి ఇద్దరూ లేరు. కూలీలు చేతిలో బస్సు ఛార్జీ కూడా లేకుండా మిగిలారు. లెక్క తేలినమాట నిజమే, అందులో తమ లెక్క లేదని నాన్న ఇప్పటికీ అంటుంటాడు.

పీజీలో వలస దేశాల విముక్తి గురించి చదువుతున్నప్పుడు అల్జీరియా పాఠం వచ్చింది. అప్పుడు నాన్న ప్రశ్న గుర్తుకొచ్చింది. తిరుగుబాటుదారులతో మాట్లాడి సైన్యాన్ని వెనక్కి పిలవాలా వద్దా అన్న సమస్యను నాలుగేళ్ళపాటు మోసిన మనిషి జనరల్ చార్లెస్ డిగాల్. ఆయన కథ ఇది.

బాల్యం - సైనిక జీవితం

డిగాల్ 1890 నవంబరు 22న ఉత్తర ఫ్రాన్స్‌లోని లిల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఉపాధ్యాయుడు. ఇంట్లో చరిత్ర పుస్తకాలకు కొదవలేదు. సాంసీర్ సైనిక విద్యాలయంలో చదువుకుని 1912లో అధికారిగా బయటకు వచ్చాడు. చాలా పొడగరి. తోటివారితో అంతగా కలిసేవాడు కాదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో మూడుసార్లు గాయపడ్డాడు. 1916 మార్చిలో వెర్దున్ పోరులో జర్మన్లకు చిక్కి యుద్ధం ముగిసేదాకా, అంటే దాదాపు 32 నెలలు, ఖైదీగా ఉన్నాడు. ఐదుసార్లు తప్పించుకోబోయి ఐదుసార్లూ దొరికిపోయాడు.

1921లో ఇవోన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. వారికి ముగ్గురు పిల్లలు. చిన్నకూతురు ఆన్ 1928లో డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. ఆ రోజుల్లో కలవారి ఇళ్ళలో అలాంటి పిల్లలను ఎక్కడో సంస్థలో చేర్చి మరిచిపోయేవారు. డిగాల్ దంపతులు ఆ పాపను చివరిదాకా తమ దగ్గరే పెట్టుకున్నారు. ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడని ఆ సైన్యాధికారి ఆమె ముందు పాటలు పాడేవాడు, గంతులేసేవాడు. 1948లో ఇరవై ఏళ్ళకే ఆమె చనిపోయింది. ఆమె పేరుతో వికలాంగ బాలికల కోసం ఆ దంపతులు ఒక సంస్థను నడిపారు. ఈ విషయం ఎందుకు చెబుతున్నానో చివర్లో మీకే అర్థమవుతుంది.

తానే ఒక తిరుగుబాటుదారు

1940 జూన్‌లో హిట్లర్ సైన్యం ఫ్రాన్స్‌ను ఓడించింది. మార్షల్ పెతాన్ ప్రభుత్వం సంధి కోరింది. అది చట్టబద్ధమైన ప్రభుత్వం, పెతాన్ అందరూ గౌరవించే ముసలి వీరుడు. డిగాల్ ఒప్పుకోలేదు. జూన్ 17న విమానంలో లండన్ చేరి, మర్నాడు బి.బి.సి. రేడియోలో మాట్లాడుతూ పోరాటం ముగియలేదని ఫ్రెంచి ప్రజలకు చెప్పాడు. పెతాన్ ప్రభుత్వపు సైనిక న్యాయస్థానం ఆగస్టులో ఆయనకు మరణశిక్ష విధించింది.

మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. 20 ఏళ్ళ తర్వాత తిరుగుబాటుదారులతో మాట్లాడాలా అని ఆలోచించిన మనిషి ఒకప్పుడు తానే తిరుగుబాటుదారు. ప్రభుత్వం నేరస్థుడని ముద్ర వేసినంత మాత్రాన ప్రజలు అలా అనుకోరని ఆయనకు స్వానుభవం.

1943లో ఆయన తన కేంద్రాన్ని అల్జీరియా రాజధాని అల్జీర్స్‌కు మార్చాడు. ఫ్రాన్స్ విముక్తి అయ్యేదాకా అదే స్వేచ్ఛా ఫ్రాన్స్‌కు రాజధాని. అల్జీరియా యువకులు వేలాదిగా ఫ్రెంచి సైన్యంలో చేరి ఇటలీలో, ఫ్రాన్స్‌లో ప్రాణాలిచ్చారు.

అయితే 1945 మే 8న, జర్మనీ లొంగిపోయిన రోజునే, అల్జీరియాలోని సెతిఫ్ పట్టణంలో జనం స్వాతంత్ర్యం కోరుతూ ఊరేగింపు తీశారు. పోలీసులు కాల్చారు. అల్లర్లలో సుమారు 100 మంది యూరోపియన్లు చనిపోయారు. దానికి ప్రతీకారంగా సైన్యం, సాయుధ పౌరులు కలిసి వేలాది అల్జీరియన్లను చంపారు. అప్పటి తాత్కాలిక ప్రభుత్వాధినేత డిగాలే. తన దేశానికి స్వేచ్ఛ కావాలన్న మనిషి ఇంకొకరి స్వేచ్ఛను చూడలేకపోయాడు. ఆ రోజు చల్లిన విత్తనమే తర్వాత యుద్ధమై మొలిచింది.

1946 జనవరిలో పార్టీల కుమ్ములాటలతో విసిగి పదవికి రాజీనామా చేసి, కాలక్రమంలో కొలోంబే అనే చిన్న పల్లెలోని తన ఇంటికి చేరుకున్నాడు.

అల్జీరియా సంగతేమిటి?

ఫ్రాన్స్ 1830లో అల్జీరియాను ఆక్రమించింది. దాన్ని వలస దేశం అనేవారు కాదు, ఫ్రాన్స్‌లోనే కొన్ని జిల్లాలు అనేవారు. యూరప్ నుంచి వచ్చి స్థిరపడినవారు సుమారు 10 లక్షలు. ముస్లింలు సుమారు 90 లక్షలు. 1947లో ఇచ్చిన శాసనసభలో 120 స్థానాలుంటే, 60 ఒక వర్గానికి, 60 రెండో వర్గానికి. అంటే ఒక యూరోపియన్ ఓటు అనేకమంది అల్జీరియన్ల ఓట్లకు సమానం. ఆ మిగిలిన 60 స్థానాల ఎన్నికల్లో కూడా అధికారులు రిగ్గింగ్ చేశారు. మంచి భూములన్నీ ఎవరి చేతిలో ఉన్నాయో వేరే చెప్పనక్కరలేదు.

1954 నవంబరు 1న ఎఫ్.ఎల్.ఎన్. అనే జాతీయ విమోచన సంస్థ సాయుధ పోరాటం మొదలుపెట్టింది. అదే రోజున మన దేశంలో పుదుచ్చేరి, కారైకాల్, మాహే, మన గోదావరి తీరంలోని యానాంల పాలనను ఫ్రాన్స్ భారత ప్రభుత్వానికి అప్పగించింది. ఒకే రోజు ఒకచోట ఫ్రెంచి జెండా చర్చల ద్వారా దిగింది, ఇంకొకచోట తుపాకీ పేలింది. యానాంలో వదులుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అల్జీరియాలో 10 లక్షల మంది యూరోపియన్లున్నారు, తర్వాత సహారాలో చమురు కూడా బయటపడింది. తేడా అక్కడుంది.

రెండేళ్ళు తిరిగేసరికి ఫ్రాన్స్ 4 లక్షలకు పైగా సైన్యాన్ని అల్జీరియాలో దించింది. అందులో అధికభాగం నిర్బంధ సైనిక సేవ కింద పంపిన ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. ఎఫ్.ఎల్.ఎన్. బాంబులు పెట్టేది, తన మాట వినని సొంత జనాన్ని కూడా చంపేది. సైన్యం పట్టుబడినవారిని చిత్రహింసలు పెట్టేది. 20 లక్షల మందికి పైగా పల్లె ప్రజలను ఇళ్ళు ఖాళీ చేయించి శిబిరాలకు తోలింది. ఇంత జరుగుతున్నా ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు శాంతిభద్రతల పరిరక్షణ. అది యుద్ధమని ఫ్రాన్స్ చట్టపరంగా ఒప్పుకున్నది 1999లో.

తిరిగి అధికారంలోకి

1958 మే 13న అల్జీర్స్‌లో యూరోపియన్లు, సైన్యాధికారులు ప్యారిస్ ప్రభుత్వంపై తిరగబడ్డారు. అంతర్యుద్ధం వస్తుందన్న భయంతో దేశం డిగాల్‌ను పిలిచింది. జూన్ 1న ఆయన ప్రధాని అయ్యాడు. ఆయన్ను తెచ్చింది అల్జీరియాను వదలకూడదన్న వాళ్ళే. జూన్ 4న అల్జీర్స్ వెళ్ళి లక్షలాది జనం ముందు నిలబడి మీ మనసు నాకు అర్థమైందన్న ధోరణిలో మాట్లాడాడు. యూరోపియన్లు అది తమకోసమే అనుకున్నారు. ముస్లింలలో కొందరు తమకోసం అనుకున్నారు. ఆ మాటల్లో వాగ్దానం ఏదీ లేదు.

కొత్త రాజ్యాంగం వచ్చింది. 1959 జనవరిలో ఆయన అధ్యక్షుడయ్యాడు. ఆయన చేసిన మొదటి ప్రయత్నం సమస్యను డబ్బుతో తీర్చడం. ఐదేళ్ళలో 4 లక్షల ఉద్యోగాలు, ఇళ్ళు, బడులు ఇస్తామని ప్రణాళిక ప్రకటించాడు. పోరాడినవారు ఆయుధాలు దించితే గౌరవంగా చూస్తామని కబురు పెట్టాడు. ఎఫ్.ఎల్.ఎన్. ఒప్పుకోలేదు. అది లొంగుబాటు తప్ప శాంతి కాదంది. అప్పటికే వారు కైరోలో ప్రవాస ప్రభుత్వం ఏర్పరచుకున్నారు.

రెండో ప్రయత్నం సైన్యంతో. 1959లో జనరల్ షాల్ నాయకత్వంలో సైన్యం కొండలన్నీ గాలించింది. ట్యునీషియా సరిహద్దులో కరెంటు కంచె ఉండనే ఉంది. ఎఫ్.ఎల్.ఎన్. దళాలు దారుణంగా దెబ్బతిన్నాయి. సైనికంగా చూస్తే ఫ్రాన్స్ గెలుస్తున్నట్టే. సరిగ్గా ఆ గెలుపు మధ్యలోనే, 1959 సెప్టెంబరు 16న, అల్జీరియా భవిష్యత్తును అల్జీరియా ప్రజలే ఓటుతో నిర్ణయించుకుంటారని డిగాల్ ప్రకటించాడు. విడిపోవడం, ఫ్రాన్స్‌లో కలిసిపోవడం, ఫ్రాన్స్‌తో అనుబంధంగా ఉండటం - ఈ మూడింటిలో ఏదైనా ఎంచుకోవచ్చన్నాడు.

గెలుస్తున్నవాడు ఎందుకిలా చేశాడు? కొండమీద దళాన్ని ఓడించవచ్చు గాని, కొండకింద 90 లక్షల మందిని తరతరాలుగా కాపలా కాయలేమని ఆయనకు తెలిసింది. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. అల్జీరియన్లందరినీ సమాన ఫ్రెంచి పౌరులుగా కలుపుకోవడం ఆయనకు ఇష్టం లేదని ఆయన సన్నిహితులు తర్వాత రాశారు. ఫ్రాన్స్ డబ్బును, సైన్యాన్ని అణుబాంబు వైపు, యూరప్ వైపు మళ్ళించాలన్నది ఆయన ఆలోచన. కాబట్టి ఆయనను స్వాతంత్ర్య ప్రదాత అనడం తప్పు. లెక్క తెలిసిన మనిషి అనడం సబబు.

మాట్లాడాలా? ఎవరితో? ఎప్పుడు?

మాట్లాడాలని నిర్ణయించుకున్నంత మాత్రాన పని కాదు. మొదటి చిక్కు ఎవరితో అన్నది. ప్రవాస ప్రభుత్వాన్ని పక్కనబెట్టి, లోపల పోరాడుతున్న దళ నాయకులతోనే మాట్లాడితే తేలికగా అవుతుందని ఒక ఆశ. 1960 జూన్ 10 రాత్రి సి సలా అనే దళ నాయకుడిని, అతని ఇద్దరు సహచరులను డిగాల్ రహస్యంగా తన అధ్యక్ష భవనంలోనే కలిశాడు. నాలుగు రోజుల తర్వాత టీవీలో ప్రవాస ప్రభుత్వాన్ని బహిరంగంగా చర్చలకు పిలిచాడు. దాంతో సి సలా బృందం ఎటూ కాకుండా పోయింది. ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా యుద్ధం ముగింపు చూడలేదు. కొందరిని సొంతవారే చంపారు, కొందరు ఫ్రెంచి సైన్యం చేతిలో పోయారు. నమ్మి వచ్చినవాళ్ళు నలిగిపోవడం అప్పుడే మొదలైంది.

రెండో చిక్కు ముందు కాల్పులు ఆపాలా, ముందు మాట్లాడాలా అన్నది. 1960 జూన్ చివరలో మెలూన్ పట్టణంలో జరిగిన చర్చలు దీనిమీదే విఫలమయ్యాయి. ఆయుధాలు పక్కన పెట్టనిదే రాజకీయాలు మాట్లాడమని ఫ్రాన్స్ అంది. ఆయుధాలు పక్కన పెట్టాక మా మాట ఎవరు వింటారని ఎఫ్.ఎల్.ఎన్. అడిగింది. వచ్చిన ప్రతినిధులను బయటివారితో కలవనివ్వలేదు. ఐదు రోజుల్లో వెళ్ళిపోయారు.

1961 జనవరి 8న డిగాల్ ప్రజల తీర్పు కోరాడు. పోలైన ఓట్లలో 75 శాతం స్వయం నిర్ణయాధికారానికి అనుకూలం. అది చూసి సైన్యంలో మంట రాజుకుంది. ఏప్రిల్ 22న షాల్, సలాన్, జూవో, జెల్లేర్ అనే నలుగురు జనరల్స్ అల్జీర్స్‌ను స్వాధీనం చేసుకున్నారు. ప్యారిస్ మీద పారాట్రూపర్లు దిగుతారని భయం పట్టుకుంది. మర్నాడు డిగాల్ తన పాత సైనిక దుస్తులు వేసుకుని టీవీ, రేడియోలలో కనబడ్డాడు, వినబడ్డాడు. వాళ్ళ మాట వినవద్దని ప్రతి సైనికుణ్ణి నేరుగా ఆదేశించాడు. బారకాసుల్లో కుర్రాళ్ళు ట్రాన్సిస్టర్ల చుట్టూ మూగి విన్నారు. జనరల్స్ హుకుంలు కదలలేదు. నాలుగు రోజుల్లో తిరుగుబాటు కూలిపోయింది. ఓడినవారిలో కొందరు ఓ.ఎ.ఎస్. అనే రహస్య హంతక ముఠాలో కలిశారు. చర్చలు జరగబోయే ఎవియాన్ పట్టణ మేయరును ఆ ముఠా అంతకుముందే మార్చి 31న బాంబు పెట్టి చంపింది.

ఎవియాన్ ఒప్పందం

1961 మే 20న జెనీవా సరస్సు ఒడ్డున ఎవియాన్‌లో చర్చలు మొదలయ్యాయి. ఫ్రాన్స్ తరఫున మంత్రి లూయీ జోక్స్, ఎఫ్.ఎల్.ఎన్. తరఫున క్రీమ్ బెల్కాసెమ్. సహారా ఎడారిని వేరుచేసి తమ దగ్గర ఉంచుకోవాలని ఫ్రాన్స్ పట్టుబట్టింది. అక్కడ చమురుంది, అణు పరీక్షా కేంద్రముంది. చర్చలు తెగిపోయాయి. సెప్టెంబరులో డిగాల్ ఆ పట్టు కూడా వదిలేశాడు. ఒక్కో షరతు పెట్టడం, కొన్ని నెలలు రక్తం కారాక దాన్ని వదులుకోవడం - ఇదీ ఆ మూడేళ్ళ కథ.

ఈ మధ్యలోనే 1961 అక్టోబరు 17న ప్యారిస్ నగరంలో కర్ఫ్యూకు నిరసనగా ఊరేగింపు తీసిన అల్జీరియా కార్మికుల మీద పోలీసులు విరుచుకుపడ్డారు. పదుల సంఖ్యలో చనిపోయారు. శవాలు సేన్ నదిలో తేలాయి. దానికి బాధ్యుడైన పోలీసు అధిపతి పపోన్‌ను డిగాల్ పదవి నుంచి తీసేయలేదు.

చివరకు 1962 మార్చి 18న సంతకాలు జరిగాయి. మర్నాడు మధ్యాహ్నం నుంచి కాల్పుల విరమణ. ముఖ్యమైన షరతులివి: అల్జీరియా ప్రజలు ఓటు వేసి నిర్ణయించుకుంటారు. ఆ ఓటింగు తర్వాత ఏడాదిలోగా ఫ్రెంచి సైన్యం 80 వేలకు తగ్గుతుంది, మరో రెండేళ్ళలో పూర్తిగా వెళ్ళిపోతుంది. మెర్స్ ఎల్ కెబీర్ నౌకా స్థావరం 15 ఏళ్ళు, సహారాలోని పరీక్షా కేంద్రాలు 5 ఏళ్ళు ఫ్రాన్స్ దగ్గర ఉంటాయి. యూరోపియన్లకు పౌరసత్వం ఎంచుకునే గడువు, ఆస్తులకు రక్షణ ఉంటాయి. యుద్ధకాలంలో ఎవరి పక్షాన ఉన్నారన్న కారణంతో ఎవరినీ వేధించకూడదు.

ఏప్రిల్ 8న ఫ్రాన్స్‌లో రెఫరెండం జరిగితే 90 శాతానికి పైగా ఒప్పందాన్ని బలపరిచారు. జూలై 1న అల్జీరియాలో దాదాపు అందరూ స్వాతంత్ర్యానికే ఓటేశారు. జూలై 3న ఫ్రాన్స్ దాన్ని గుర్తించింది. 132 ఏళ్ళ పాలన ముగిసింది.

కాగితం మీద లేనివాళ్ళు

ఇక నాన్న ప్రశ్న దగ్గరకు వద్దాం.

ఫ్రెంచి సైన్యం తరఫున అల్జీరియా ముస్లింలు కూడా పెద్ద సంఖ్యలో పనిచేశారు. వారిని హర్కీలు అనేవారు. అన్ని రకాల సహాయక దళాలు కలిపితే యుద్ధకాలంలో సుమారు 2 లక్షల మంది. వీరంతా ఫ్రాన్స్ మీద ప్రేమతో చేరారనుకుంటే పొరపాటు. కొందరి అన్ననో తండ్రినో ఎఫ్.ఎల్.ఎన్. చంపింది. కొందరిని సైన్యం బలవంతంగా చేర్చుకుంది. ఎక్కువమంది భూమిలేని పేదలు, శిబిరాల్లో ఆకలితో ఉన్నవారు. మొదట్లో వారిది రోజు కూలి లెక్కన పని. ఈ మాట చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఒప్పందం జరిగాక వారి ఆయుధాలు తీసుకున్నారు. కొద్దిపాటి డబ్బిచ్చి ఇంటికి పొమ్మన్నారు. ఎవరినీ వేధించకూడదన్న షరతు కాగితం మీద ఉంది. ఊళ్ళో దాన్ని అమలు చేసే నాథుడు లేడు. తమ కింద పనిచేసినవారిని కొందరు యువ అధికారులు రహస్యంగా ఫ్రాన్స్‌కు తీసుకుపోబోతే, 1962 మే నెలలో మంత్రులు ఉత్తర్వులు పంపి దాన్ని నిషేధించారు. ప్రభుత్వ పథకంలో లేకుండా వచ్చినవారిని తిప్పి పంపమన్నారు. అప్పటికి ఫ్రెంచి సైన్యం ఇంకా అల్జీరియాలోనే ఉంది. బారకాసుల గేట్లు మూసుకుని కూర్చుంది.

ఆ వేసవిలో, ఆ తర్వాత నెలల్లో హర్కీలను, వారి కుటుంబాలను వెతికి చంపారు. ఎంతమంది అన్నదానిమీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. కొందరు కొన్ని వేలంటారు, మరికొందరు 60, 70 వేల దాకా చెబుతారు. ఎలాగో ఫ్రాన్స్ చేరినవారిని రివ్‌సాల్ట్ వంటి ముళ్ళకంచెల క్యాంపుల్లో పెట్టారు. కొన్ని కుటుంబాలు 1970ల దాకా అలాంటి చోట్లే బతికాయి. 2021 సెప్టెంబరులో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ హర్కీలను క్షమాపణ కోరాడు. అప్పటికి 59 ఏళ్ళు గడిచాయి.

యూరోపియన్ల సంగతి కూడా ప్రభుత్వం అంచనా వేయలేదు. ఓ.ఎ.ఎస్. హత్యలు, దానికి ప్రతీకారాలు, జూలై 5న ఒరాన్ నగరంలో జరిగిన ఊచకోత - వీటితో భయపడి చేతికందిన సూట్‌కేసుతో ఓడలెక్కారు. కొన్ని నెలల్లోనే 6 లక్షలకు పైగా వెళ్ళిపోయారు. వారిలో భూస్వాములు కొద్దిమందే. గుమాస్తాలు, మెకానిక్కులు, చిన్న దుకాణదారులే ఎక్కువ.

చివరి రోజులు

1962 ఆగస్టు 22న ప్యారిస్ శివార్లలోని ప్తి క్లమార్ దగ్గర హంతకులు డిగాల్ కారు మీద వందకు పైగా తూటాలు కురిపించారు. దంపతులిద్దరూ గీత కూడా పడకుండా బయటపడ్డారు. అంతకు ఆరు రోజుల ముందు, ఆగస్టు 16న, యానాం, పుదుచ్చేరిలు చట్టరీత్యా భారతదేశంలో కలిశాయి. 1956లో చేసుకున్న ఆ ఒప్పందాన్ని ఫ్రెంచి పార్లమెంటు ఆరేళ్ళు నాన్చి, అల్జీరియా వ్యవహారం తేలిన తర్వాతే ఆమోదించింది. దూరదేశపు యుద్ధం మన గోదావరి ఒడ్డు కాగితాలను కూడా ఆపగలిగిందన్నమాట.

ఫ్రెంచి సైనిక దళాలు 1964 నాటికి అల్జీరియా విడిచాయి. 15 ఏళ్ళు ఉంచుకోవచ్చన్న నౌకా స్థావరాన్ని కూడా 1968లోనే ఖాళీ చేశారు. ఇంత పట్టుబట్టి సాధించుకున్నదాన్ని అంత త్వరగా వదిలేసుకున్నారంటే, దాని కోసం యుద్ధాన్ని సాగదీయడంలో అర్థమేముంది?

1965లో డిగాల్ మళ్ళీ గెలిచాడు. 1968లో విద్యార్థుల, కార్మికుల ఉద్యమం ఆయన్ను కుదిపేసింది. 1969 ఏప్రిల్‌లో ఒక రెఫరెండం ఓడిపోగానే మర్నాడే కుర్చీ దిగి తన పల్లెకు వెళ్ళిపోయాడు. 1970 నవంబరు 9న అక్కడే కన్నుమూశాడు. తన అంత్యక్రియలకు ప్రభుత్వ లాంఛనాలు వద్దని, కూతురు ఆన్ పక్కనే పాతిపెట్టాలని ముందే రాసిపెట్టాడు. సమాధి మీద ఆయన గురించి పేరు, రెండు సంవత్సరాలు తప్ప ఇంకేమీ లేవు.

మనం నేర్చుకోవలసింది

ఇంతకీ డిగాల్ చేసింది ఒప్పా, తప్పా? తుపాకి పట్టినవారితో మాట్లాడితే తుపాకికే బహుమతి ఇచ్చినట్టని ఆనాడు ఆయన ప్రత్యర్థులు వాదించారు. గెలుస్తున్న యుద్ధాన్ని వదిలేశాడన్నారు. నా అభిప్రాయంలో ఆయన మాట్లాడటం ఒప్పు. ఓటును రిగ్గింగ్ చేసి, ఊరేగింపును కాల్చి, మాట్లాడే దారులన్నీ మూసినవాళ్ళకు ఎదుటివాడు తుపాకి పట్టాడని నిందించే హక్కు తక్కువ. ఆ యుద్ధంలో సుమారు 25 వేల మంది ఫ్రెంచి సైనికులు, లక్షల్లో అల్జీరియన్లు చనిపోయారు. ఇంకో పదేళ్ళు నడిచినా ఫలితం అదే అయ్యేది. తనను గద్దెనెక్కించిన వాళ్ళకే ఎదురుతిరిగి, ప్రాణం పణంగా పెట్టి ఆ పని చేయడానికి ధైర్యం కావాలి. అది ఆయనకుంది.

కానీ ఆయన ఒప్పందాన్ని రెండు బలాల మధ్య లెక్కగానే చూశాడు. చమురు గురించి, నౌకా స్థావరం గురించి నెలల తరబడి బేరమాడిన ప్రభుత్వం, రోజు కూలికి తుపాకి మోసినవాళ్ళందరి ప్రాణాలకు సరిపడా ఏర్పాటు చేయలేదు. అందరూ దాచిపెట్టే బిడ్డను గుండెకు హత్తుకున్న మనిషే ఇంత కఠినంగా ఎలా ఉండగలిగాడని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. బహుశా ఆన్ ఆయన కళ్ళముందు ఉంది. హర్కీలు లేరు. కళ్ళముందు లేనివాళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవడానికే కదా ప్రభుత్వం అనేది ఉన్నది.

2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబన్లు సైన్యం వెనక్కి పోవడం గురించి సంతకాలు చేసినప్పుడు, అఫ్ఘన్ ప్రభుత్వమే ఆ బల్ల దగ్గర లేదు. ఇక దుబాసీలు, డ్రైవర్లు, వంటవాళ్ళ సంగతి చెప్పేదేముంది? 2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. తర్వాత టీవీలో మేం చూసింది ఆ ఖాళీ కుర్చీల ఫలితమే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మనలో కొందరం రేపు అధికారులమవుతాం, నాయకులమవుతాం, యూనియన్లలో పనిచేస్తాం. ఏదో ఒక రోజు ఏదో ఒక బల్ల దగ్గర కూర్చుని సంతకం పెట్టే అవకాశం మనకూ వస్తుంది. మా నాన్న తరంలో ఎవరికీ రాని అవకాశం అది. కొట్లాట ఆపడానికి మాట్లాడవలసి వస్తే వెనుకాడకండి, ఆలస్యం చేయకండి. అయితే సంతకం పెట్టేముందు ఒక్కసారి తలెత్తి, ఈ గదిలో లేనివాళ్ళెవరో చూడండి. వాళ్ళ ఊరికి బస్సు ఛార్జీ ఎవరిస్తారో కూడా ఆ కాగితంలోనే రాయించండి.

నాన్న అడిగినదానికి ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఇది అచ్చయ్యాక ఇంటికి తీసుకుపోయి ఆయనకు చదివి వినిపిస్తాను.